తాడు పట్టిన చేయి

నంద్యాల బజారులో చెన్నకేశవులు శెట్టి అంగడికి వచ్చి ఎవరైనా తేనె అడిగితే, సీసా అందించే ముందు ఆయన చేయి ఒక్క క్షణం ఆగేది. అందులో తేనె ఎంతో, బెల్లంపాకం ఎంతో ఆయనకు తెలియనిది కాదు. కలిపింది ఆయన కాదు, సరుకు అట్లాగే వచ్చేది. పసిబిడ్డ నాలుకకు రాయాలనో, మందులోకి కావాలనో వచ్చినవాళ్లను మాత్రం "ఇది వద్దులే తల్లీ" అని పంపేసేవాడు. తక్కినవాళ్లకు చెప్పేవాడు కాదు. వ్యాపారమన్నాక అంతమాత్రం తప్పదని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు. అది తప్పిస్తే ఆయనను వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. తెల్లవారకముందే స్నానం, నొసట తిరుచూర్ణం, ఏకాదశికి ఉపవాసం. ఆడిన మాట తప్పడని బజారంతా పేరు.

ఆ ఏడు, అంటే పంతొమ్మిది వందల యాభై ఏడో సంవత్సరం మాఘమాసంలో, ఆయన భార్య రాజేశ్వరమ్మకు టైఫాయిడ్ జ్వరం పట్టుకుంది. ఇరవై రోజులు మంచం దిగలేదు. ఒకనాడు డాక్టరు పెదవి విరిచి వెళ్లిపోయాక చెన్నకేశవులు నరసింహస్వామి పటం ముందర నిలబడి మొక్కుకున్నాడు. ఆమె లేచి తిరిగితే వైశాఖంలో జయంతినాడు అహోబిలంలో తేనెతో అభిషేకం చేయిస్తానన్నాడు. అంతటితో ఊరుకోలేదు. "నా అంగట్లో తేనె కాదు స్వామీ. నీ కొండలో పుట్టింది, నా కండ్లముందర కోసింది" అన్నాడు. దేవునికి కూడా బెల్లంపాకం పోసేంత ధైర్యం ఆయనకు లేదు.

రాజేశ్వరమ్మ లేచి తిరిగింది.

వైశాఖంలో ఇద్దరూ బస్సెక్కి ఆళ్లగడ్డకు వచ్చారు. అక్కడ రాజేశ్వరమ్మ తమ్ముడు లక్ష్మీనారాయణకు బట్టల అంగడి ఉంది. నోరు ఊరుకోని మనిషి. బావను ఆటపట్టించే అవకాశం వదులుకోవడం ఇష్టంలేక అంగడి మూసి మరీ వెంట బయలుదేరాడు. ఆళ్లగడ్డ నుంచి ఎద్దులబండిలో దిగువ అహోబిలం చేరేసరికి పొద్దు వాలింది. తమవాళ్ల సత్రంలో దిగారు. అప్పటికే నంద్యాల నుంచి పది పన్నెండు కుటుంబాలు జయంతికి వచ్చి ఉన్నాయి. సత్రం పెద్ద విశ్వేశ్వరయ్య కూడా వచ్చాడు. పెండ్లి సంబంధమైనా, అన్నదమ్ముల పంపకమైనా నంద్యాలలో వాళ్ల కులంలో ఆయన తల ఊపనిదే నడిచేది కాదు.

జయంతికి ముందునాడు పొద్దున్నే, రాజేశ్వరమ్మను సత్రంలో ఉంచి, బావా బావమరుదులు ఎగువ అహోబిలం దోవ పట్టారు. కొండకు రెండు మైళ్ల ఇవతలే రిజర్వు అడవి మొదలవుతుంది. సర్కారు హద్దురాయి దగ్గర ఫారెస్టు గార్డు ఇద్దరినీ నిలబెట్టి గొడ్డలీ అగ్గిపెట్టే ఉన్నాయేమో చూశాడు. ఎండాకాలం, ఒక్క బీడీముక్క పడితే కొండకు కొండే కాలిపోతుందన్నాడు. తేనె సంగతి అడిగితే, అడవి తేనెను కాంట్రాక్టరు వేలంపాటలో పాడుకున్నాడనీ, స్వామికి చెంబెడు తీసుకుంటే తాను అటువైపు తిరిగి నిలబడతాననీ చెప్పాడు.

చెన్నకేశవులు అంతకుముందు రెండుసార్లు అహోబిలం వచ్చాడు గానీ గుడి దాటి లోపలికి పోలేదు. ఈసారి పోతూంటే ఆయనకు గుడిలో కంటే అడవిలోనే ఎక్కువ భయభక్తులు కలిగాయి. ఇటు వేదాద్రి, అటు గరుడాద్రి. గోదాములో బస్తాల మీద బస్తాలు పేర్చినట్టు పొరలు పొరలుగా ఎర్రరాయి ఆకాశం దాకా లేచి ఉంది. నడుమ భవనాశిని ఎండకు సన్నబడి, గుండ్రాళ్ల కింద దాగి దాగి పారుతోంది. ఎక్కడపడితే అక్కడ పాత రాతిమెట్లు, కూలిన మంటపాలు. ఏ రాజు కట్టించాడో, ఎవరు మోసి తెచ్చారో చెప్పేవాళ్లు లేరు. పైన ఉగ్రస్తంభం. ఇక్కడా ఉన్నాడని ఒక పసివాడు అన్న మాట నిలబెట్టడానికి స్వామి చీల్చుకుని వచ్చింది ఆ బండనే అంటారు.

ఎగువ గుడి దాటిన తరువాత చెంచుల గూడెం. ఏడెనిమిది గుడిసెలు. తేనె కోయడంలో మంచి పనివాడు ఓబయ్య అని గార్డు చెప్పాడు. ముప్పై ఏండ్ల మనిషి, సన్నగా వెదురులా ఉన్నాడు. వచ్చిన పని చెబితే విని, ఈ వారం కుదరదన్నాడు. తుట్టెలు లేక కాదు. పైబండకు నాలుగు పెద్ద తుట్టెలు వేలాడుతున్నాయి. తన బావమరిది గురవయ్య అడవిలో వెదురు నరికే కూపుకు పోయాడు, వచ్చేసరికి వారం పడుతుంది. అదీ అడ్డు.

తేనెకూ బావమరిదికీ ఏం సంబంధమని చెన్నకేశవులు అడిగాడు. ఓబయ్యకు అంత తెలిసిన సంగతిని విడమరచి చెప్పడం చేతకాలేదు. గుడిసె ముందర గడ్డలు కడుగుతున్న అతని భార్య ఈదమ్మ తలెత్తకుండానే చెప్పింది. తాడు పైన చెట్టుకు కట్టినా దాన్ని ఒక మనిషి పట్టుకుని కాచుకోవాలి. ఆ మనిషి పెండ్లాం తోడబుట్టినవాడే కావాలి. సొంత అన్నదమ్ములకు ఎప్పుడైనా మనసు తిరగవచ్చు. చెల్లెలి తాళి తెగనిచ్చే అన్న మాత్రం ఉండడు. వాళ్ల తాతల నాటి నుంచీ ఆ బండమీద వేరే చేయి తాడు పట్టింది లేదు.

లక్ష్మీనారాయణకు ఇది భలే నచ్చింది.

"ఇంకేం బావా, నువ్వు దిగు, తాడు నేను పట్టుకుంటా. నీ మీద ఏమీ లేదుగానీ మా అక్క మీద నాకు ప్రేమ ఉండాది."

"నోరు మూసుకోవప్పా" అన్నాడు చెన్నకేశవులు. ఆయన మనసంతా రేపటి అభిషేకం మీదనే ఉంది. జయంతి దాటితే మొక్కు దాటినట్టే. స్వామి భార్యను తిరిగి ఇచ్చాడు, తాను మాత్రం వట్టి చేతులతో పోయి నిలబడాలా? అప్పుడు నోటికి వచ్చిందో, మనసుకే వచ్చిందో, తరువాత ఎంత ఆలోచించినా ఆయనకు తేలలేదు.

"ఓబయ్యా, నన్నే నీ బావమరిది అనుకో. తాడు నేను పట్టుకుంటా."

ఓబయ్య నవ్వలేదు. భార్యవైపు చూశాడు. ఈదమ్మ చేతులు కడుక్కుని లేచి వచ్చి ఆయన ముందర నిలబడింది. బొట్టు, పంచె, చేతి ఉంగరం అన్నీ చూసింది.

"అనుకుంటే అయ్యేది కాదు సామీ. కొండ ముందర చెప్పాల. చెప్తావా?"

"చెప్తా."

"చెప్పినాక పోదు. తెలుసునా?"

"నేను మాట తప్పే మనిషిని కాదమ్మా" అన్నాడు చెన్నకేశవులు. బజారంతా తెలిసిన సంగతి ఈ అడవిలో చెప్పుకోవలసి వచ్చినందుకు ఆయనకు కొంచెం చిన్నతనం కూడా అనిపించింది.

పైబండ చేరడానికి రెండు గంటలు పట్టింది. కొండ అంచున ఒక నల్లమద్ది చెట్టు ఉంది. దాని కింద నిలబడి తొంగిచూస్తే నేరుగా లోయే. అడుగున చెట్లు కొత్తిమీర కట్టల్లా ఉన్నాయి. అడవి నారతో పేనిన తాడును ఓబయ్య చెట్టుకు కట్టాడు. ఈదమ్మ సొరకాయ బుర్రలోంచి భవనాశిని నీళ్లు చెన్నకేశవులు దోసిట్లో పోసింది. ఆ నీళ్లు పట్టుకుని, ఎదుటి కొండవైపు తిరిగి, ఆయన ఆమె చెప్పినట్టే చెప్పాడు. ఈదమ్మ తన చెల్లెలనీ, తన చేతిలో తాడు ఉన్నంతసేపు ఆమె తాళికి తానే కావలి అనీ. నీళ్లు తాగి తాడు మీద చేయి వేశాడు. "ఇంక దిగు" అంది ఈదమ్మ మొగునితో. ఓబయ్య వీపున బుట్ట వేసుకుని, వెదురుబద్ద నోట కరుచుకుని, ఈగలను తోలడానికి పొగ చిమ్ముతున్న పచ్చాకు కట్ట నడుముకు కట్టుకుని అంచు దాటాడు.

అప్పుడు తెలిసింది చెన్నకేశవులుకు తాడు బరువు. ముప్పై ఏండ్లుగా తక్కెడ పట్టిన చేయి ఆయనది. ఏ మూట ఎన్ని శేర్లో ఎత్తకుండానే చెప్పగలడు. ఈ బరువుకు మాత్రం ఆయన దగ్గర రాయి లేదు. కింద ఓబయ్య కాలు బండకు తన్నుకున్నప్పుడల్లా తాడు అరచేతుల్లో వణికేది. పక్కనే ఈదమ్మ కూర్చుని తాడును కాక ఆయన ముఖాన్నే చూస్తోంది. తేనెటీగల హోరు ఏటిహోరులాగా పైకి వస్తోంది. అరచేతులు చిట్లాయి. చెమట కండ్లలో పడినా ఆయన తుడుచుకోలేదు. లక్ష్మీనారాయణ కూడా నోరెత్తలేదు. నరసింహా, ఈ పిల్ల పసుపుకుంకుమలు నా చేతుల్లో ఉన్నాయి, జారనివ్వకు అని చెన్నకేశవులు లోలోపల అనుకుంటూనే ఉన్నాడు. ఆ గంటసేపు ఆయన నిజంగానే అన్న. అందులో కల్తీ లేదు.

బుట్టనిండా తేనెతుట్టెతో ఓబయ్య పైకి వచ్చాడు. ముఖం వాచిపోయి నవ్వుతున్నాడు. చెన్నకేశవులు నడుము సంచిలో చేయి పెట్టబోతే ఓబయ్య అడ్డుపడ్డాడు. బావమరిది కాడ దుడ్లు తీసుకుంటారా అన్నాడు. ఈదమ్మ తుట్టెలోంచి తెల్లటి ముక్క ఒకటి విరిచి మోదుగాకులో పెట్టి అందించింది. మొదటి ముక్క తాడు పట్టినవాడు చెల్లెలి చేతిమీదుగా తినాలి, అది కూడా ఆనవాయితీయే.

చెన్నకేశవులు ఆకువైపు చూశాడు. తేనెవైపు చూశాడు. ఆమె చేతివైపు చూశాడు. గడ్డలు తవ్విన చేయి, ఏమేమో తిన్న చేయి. ఆయన పుట్టి బుద్ధెరిగి బయటివాళ్ల చేతి నీళ్లు కూడా తాగి ఎరుగడు. కొండ ముందర తాగిన నీళ్లు ఏటినీళ్లు, ఏటికి అంటు లేదని సమాధానపడ్డాడు గానీ, ఇది అట్లా కాదు.

"ఈ పొద్దు నాకు ఉపవాసమమ్మా" అన్నాడు.

ఉపవాసం రేపు. ఆ పొద్దున సత్రంలో ఆయన ఉగ్గాని రెండుసార్లు పెట్టించుకున్న సంగతి లక్ష్మీనారాయణకు తెలుసు. ఈదమ్మ నమ్మింది. అట్లయితే ఉపవాసం తీరినాక తిందువులే అన్నా అని ఆ ముక్కను వేరుగా ఆకులో చుట్టి దాచింది.

జయంతినాడు సాయంకాలం అభిషేకం జరిగింది. గుహలో దీపం వెలుగున స్వామి మీదుగా జారే తేనెను చూసి రాజేశ్వరమ్మ కన్నీళ్లు పెట్టుకుంది. అర్చకులు, ఈమధ్య ఇంత చిక్కటి తేనె చూడలేదన్నారు. చెన్నకేశవులు గుండెల మీద బరువు దిగిపోయింది.

మరునాడు సత్రంలో పారణ. మధ్యాహ్నం బంతి సాగింది. అంతకుముందు రోజు లక్ష్మీనారాయణ తాడు కథంతా నలుగురిలో చెప్పి నవ్వించాడు. అతని మనసులో చెడ్డ లేదు, నోరు ఆగక చెప్పాడు, అంతే. విశ్వేశ్వరయ్య మాత్రం నవ్వకుండా, దిగి వచ్చాక తలస్నానం చేశావు కదా అని చెన్నకేశవులును అడిగాడు.

విస్తళ్లలో నెయ్యి వడ్డిస్తుండగా వాకిట్లో ఈదమ్మ కనిపించింది. అయిదు మైళ్లు ఎండలో దిగి వచ్చింది. చేతిలో ఆకుపొట్లం. తన అన్న ఉన్నాడా అని వడ్డించేవాళ్లను అడుగుతోంది. నంద్యాల శెట్టి, తాడు పట్టిన అన్న అని ఆనవాలు కూడా చెబుతోంది.

బంతి మొదట్లో కూర్చున్న విశ్వేశ్వరయ్య మెడ తిప్పాడు.

"ఏమప్పా చెన్నకేశవులూ, నీ చెల్లెలంట. పుట్టింటికి వచ్చినట్టుండాది. లోపలికి పిలుస్తావా, మేము లేచిపోవాల్నా?"

బంతి బంతంతా నవ్వింది. చెన్నకేశవులు చేతిలో మొదటి ముద్ద ఉంది. అది నోటికీ పోలేదు, విస్తట్లోకీ దిగలేదు.

"నాకు చెల్లెలెవరుండారప్పా" అన్నాడు. "తేనె కోసినోని పెండ్లాం అయ్యింటాది. కూలికి వచ్చింటాది. శేరు బియ్యం పోసి పంపండి."

మెల్లగానే అన్నాననుకున్నాడు. కానీ సత్రం రాతికట్టడం. మాట వాకిలి దాకా పోయింది.

ఈదమ్మ ఏమీ గొడవ చేయలేదు. ఆకుపొట్లం అరుగు మీద పెట్టింది. బియ్యం తెచ్చినవాణ్ణి చేయెత్తి ఆపింది.

"కూలికి రాలేదు సామీ. మా ఆయన కూలికి దిగలేదు. నువ్వు అన్నవు గాబట్టి దిగినాడు."

అని తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. చెన్నకేశవులు ముద్ద మింగాడు. అన్నం మెతుకుల్లో రుచి లేదు.

ఆడవాళ్ల వైపు నుంచి రాజేశ్వరమ్మ వచ్చి ఆ పొట్లం తీసుకుంది. బంతి లేచాక మొగుణ్ణి పక్కకు పిలిచింది.

"చెల్లెలని అన్నావా, లేదా? అదొక్కటి చెప్పు."

"అన్నా. మొక్కు తీరాల గదా అని..."

"నా పానం కోసరం అన్నావు. అన్నాక ఆమె నాకు ఆడబిడ్డ కాదా?"

ఆమె పొట్లం విప్పి, ఆ ముక్కలోంచి కొంచెం తుంచి నోట్లో వేసుకుంది. మిగిలింది ఆయన ముందుకు చాపింది. చుట్టూ మనుషులు తిరుగుతున్నారు. ఆయన చేయి చాపలేదు. ఆమె ఆకు మళ్లీ చుట్టేసింది.

నంద్యాలకు వచ్చాక చెన్నకేశవులు అంగట్లో తేనె అమ్మడం మానేశాడు. ఎందుకని అడిగినవాళ్లకు గిట్టుబాటు కావడం లేదని చెప్పాడు. ఉగాదికి ఆడబిడ్డకు చీర పెట్టిరావాలని రాజేశ్వరమ్మ గుర్తుచేసింది. ఆ ఏడు అంగడి మరమ్మతు అడ్డం వచ్చింది. మరుసటేడు కూతురి కాన్పు. మూడో ఏట ఆమె గుర్తుచేయడం మానేసింది. ఆ మానేయడమే ఆయనకు ఎక్కువగా తగిలింది.

సాయంకాలాలు దీపం పెట్టుకుని ప్రహ్లాదుని కథ చదువుకునే అలవాటు ఆయనకు ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడు అదే కథ చదువుతూంటే మధ్యలో ఆగిపోయేవాడు. పసివాడు ఒక మాట అన్నాడు. అది అబద్ధం కాకూడదని దేవుడు రాతిని చీల్చుకుని వచ్చాడు. తాను అదే కొండ ముందర ఒక మాట అని, రెండు దినాలు తిరగకుండానే నెయ్యి అన్నం ముందర కూర్చుని మింగేశాడు. స్వామి చెంచుల పిల్లను పెండ్లాడి ఆ ఇంటి అల్లుడయ్యాడంటారు. ఆయన అత్తవారింట్లో ఏం తిన్నాడో ఎవరైనా అడిగారా? అడిగి తలస్నానం చేయించారా? ఇట్లా అనుకోవడం పాపమేమోనని చెంపలు వేసుకునేవాడు. కానీ మరునాడు మళ్లీ అక్కడికే వచ్చి ఆగేవాడు.

అరవయ్యో సంవత్సరం వైశాఖంలో ఆయనే రాజేశ్వరమ్మను అడిగాడు, చీర ఏ రంగుదైతే బాగుంటుందని. ఆమె పెట్టె తీసి, ఎప్పుడు కొని ఉంచిందో, పచ్చ అంచు ఎర్రచీర చేతికిచ్చింది. నువ్వు కూడా రమ్మంటే, మాట అన్నది నువ్వు, నువ్వే పోయిరా అంది.

ఆయన ఒక్కడే గూడేనికి వచ్చాడు. దోవంతా చెప్పవలసిన మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. ఈసారి పదిమందిలోనైనా చెబుతాను, చెల్లెలివే అని. ఆమె చేత్తో ఏది పెట్టినా తింటాను. గూడెంలో ఈదమ్మ ఒక్కతే గుడిసె ముందర చేట అల్లుతోంది. మనిషి చిక్కిపోయింది. "వచ్చినావా అన్నా" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. అది ఉంటే ఆయనకు సులువుగా ఉండేది.

ఓబయ్య యాడ అని అడిగాడు. వెదురు కూపులో ఉన్నాడంది. మూడు ఎండాకాలాలుగా అతడు పైబండ దిగలేదు. ఎందుకని అడిగితే చేట అల్లుతూనే చెప్పింది. ఆ ఏడు ఆమె అన్న గురవయ్య కూపు నుంచి వచ్చి సంగతి విన్నాడు. విని తాడు మీద చేయి తీసేశాడు. ఒక చెల్లెలి తాడు మీద ఇద్దరన్నల చేతులుండవు, నీకు నంద్యాల అన్న దొరికినాడు గదా, పిలిపించుకో అన్నాడు. అప్పటి నుంచి ముప్పై అడుగుల దూరంలో ఉంటూ చెల్లెలితో మాట్లాడడు. కావలి లేని తాడు పట్టుకుని ఓబయ్య దిగడు. కాంట్రాక్టరు కూపుల్లో నెలల తరబడి వెదురు నరుకుతున్నాడు.

తన నోటి మాట తనకు మాత్రమే తగిలిందని చెన్నకేశవులు మూడేండ్లు బాధపడుతూ కూర్చున్నాడు. అది ఇక్కడ ఒక ఇంటి పొయ్యినే ఆర్పేసిందని ఆయనకు తోచనే లేదు.

"సత్రంలో నేను కాదంటి గదా ఈదమ్మా. ఆ మాట మీ అన్నకు చెప్పింటే ఆ పొద్దే తీరిపోయేది గదా."

"కొండ ముందర ఔనన్నది సత్రంలో కాదంటే పోతాదా?" అంది ఈదమ్మ. "ఆ పొద్దు నాకు సిగ్గు అయింది, అంతే. మాట మాత్రం ఆడనే ఉండాది. యాడ కట్టింది ఆడనే ఇప్పాల."

ఆమె గురవయ్యను పిలవలేదు. చెన్నకేశవులే పోయి పిలిచాడు. గురవయ్య నెరిసిన తలతో, బిగిసిన ముఖంతో వచ్చి దూరంగా నిలబడ్డాడు. చెన్నకేశవులు తప్పు ఒప్పుకున్నాడు. ఇకమీద తానే ఏటేటా వచ్చి తాడు పడతానన్నాడు. ఆ మాట అంటున్నప్పుడే ఆయన గొంతు ఆయనకే నమ్మకంగా లేదు.

"నీ వయసెంత?" అన్నాడు గురవయ్య.

"యాభై రెండు."

"తుట్టె పండినప్పుడు వస్తావా, నీ అంగడికి తీరినప్పుడు వస్తావా? వానకు ముందర నెలలో నాలుగుసార్లు దిగుతాడు వాడు. నాలుగుసార్లు వస్తావా?"

చెన్నకేశవులు అబద్ధం చెప్పలేకపోయాడు. అంతకుముందొకసారి ఔనని చెప్పి, ఏమైందో చూశాడు.

"రానోడు ఇడిసిపెట్టాల" అన్నాడు గురవయ్య. "నువ్వు మంచోనివో చెడ్డోనివో నాకు పని లేదు."

ముగ్గురూ పైబండ ఎక్కారు. చెన్నకేశవులు మూడుచోట్ల కూర్చుని లేచాడు. నల్లమద్ది కింద ఈదమ్మ ఆయన దోసిట్లో నీళ్లు పోసింది. ఎదుట అదే కొండ, ఎండలో ఎర్రగా. కింద బండకు తుట్టెలు నల్లగా వేలాడుతున్నాయి, మూడేండ్లుగా ఎవరూ కోయనివి.

ఏం చెప్పాలో ఆయనకు తెలుసు. అయిదారు మాటలు. అవే మాటలు ఒకనాడు ముద్ద చేతిలో పట్టుకుని, విస్తట్లోంచి తలెత్తకుండా అనేశాడు. చెల్లెలని చెప్పడానికి నంద్యాల నుంచి వచ్చాడు. ఇక్కడ ఆమెకు తాను చేయగలిగిన మేలు, చెల్లెలు కాదని చెప్పడమొక్కటే. నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోతున్నాయి. ఈదమ్మ మళ్లీ పోసింది, తొందరపెట్టకుండా.

"ఈదమ్మ నాకు చెల్లెలు కాదు" అన్నాడు చెన్నకేశవులు కొండతో. "ఆమె తాడు మీద నాకు చేయి లేదు."

నీళ్లు తాగలేదు. ఆమె చెప్పినట్టే కొండ అంచు మీదుగా విడిచాడు. గురవయ్య ముందుకు వచ్చి తాడు కట్టే చెట్టు మొదలు మీద అరచెయ్యి ఆనించాడు. అన్నాచెల్లెండ్లు ఒకరినొకరు చూసుకోలేదు. కానీ ఈదమ్మ ముంగురులు సవరించుకుంటున్నట్టు చేయెత్తి కండ్లు తుడుచుకోవడం చెన్నకేశవులు చూశాడు. మూడేండ్ల తరువాత ఆమెకు అన్న దొరికాడు. అది మంచిదే. మంచి జరిగినప్పుడు మనసు ఇంత బోసిపోతుందని ఆయన ఎన్నడూ వినలేదు.

గూడెం చేరాక చీర తీసి చాపాడు.

"రాజేశ్వరమ్మ ఇచ్చింది" అన్నాడు.

ఈదమ్మ చీర అంచు వేలితో తాకి చూసింది. బాగుందంది.

"ఇప్పుడు ఏమని తీసుకోవాల? మా అన్న చూస్తాండాడు."

ఆయన చీర మడిచి చంకలో పెట్టుకున్నాడు. తినడానికి ఏమైనా పెడుతుందేమోనని ఒక క్షణం నిలబడ్డాడు. పెట్టి ఉంటే తినేవాడు, గూడెమంతా చూస్తుండగా తినేవాడు. ఆమె పెట్టలేదు. అందులో కోపం లేదు. దారినపోయే శెట్టికి, తమ చేతిది తినడని తెలిసిన శెట్టికి, ఎవరు మాత్రం పెడతారు?

వాగు దాటి నాలుగు అడుగులు వేశాడో లేదో వెనకనుంచి పిలుపు వినిపించింది. పిలుపు తనకేనని ఆయన వెంటనే పోల్చుకోలేదు. ఆమె నోట ఎన్నడూ వినని పిలుపు అది.

"శెట్టీ, దోవలో ఎలుగు తిరుగుతాండాది. పొద్దు ఉండంగానే దిగిపో."

ఆయన చేయెత్తి, సరేనన్నట్టు ఊపి, వేగంగా దిగసాగాడు.